ఏం తిన్నావని అడగలేదు

పండూ, పండమ్మా.

పిలవడం నోటికి అలవాటు, పలికే మనిషే లేదు. మా అమ్మాయి పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిది దాటాక ఆసుపత్రిలో కన్ను మూసింది. ఇరవై ఏడేళ్ళు. కడుపులో పుండు అనుకున్నది ఉత్త పుండు కాదని తెలిసిన పదకొండు వారాలకే పోయింది. మీలో కొందరికి ఈ సంగతి తెలుసు. వచ్చారు, మా పక్కన కూర్చున్నారు, వండి తెచ్చిపెట్టారు. ఆ గిన్నెలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియక తిరిగి ఇవ్వలేకపోయాను. తెలియని వాళ్ళకు కూడా మా పండు ఎలాంటిదో చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేపర్‌విల్‌లో మన సరుకుల కొట్టు వెనక వంటగదిలో కూరలు వండేది నేనే. అంతకుముందు, అమెరికా వచ్చిన కొత్తలో, ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేదాన్ని. పొడుగాటి బల్ల, దాని చుట్టూ ముగ్గురం. ఒకామె టర్కీ నుంచి వచ్చింది. నాకంటే పెద్దది, అందుకని అక్క అన్నాను. ఇంకొకామె సోమాలియా నుంచి వచ్చింది. నాకంటే చిన్నది, చెల్లి అన్నాను. ముగ్గురికీ కలిపి ఒక మనిషికి సరిపడా ఇంగ్లీషు కూడా లేదు. అయినా పొద్దున ఏడు నుంచి మూడు దాకా నోరు మూసింది లేదు.

పెద్ద దుప్పటి ఒక్కళ్ళ వల్ల మడతపడదు. రెండు కొసలు ఒకళ్ళు, రెండు కొసలు ఒకళ్ళు పట్టుకుని ఎదురెదురుగా నడిచి కొసలు అందించుకోవాలి. రోజుకి ఎన్ని వందలసార్లు అలా ఒకళ్ళ చేతులు ఒకళ్ళం ముట్టుకున్నామో. అన్నం వేళ అక్క సీసా మూత తీసి ఇచ్చింది. తాగితే ఉప్పేసిన మజ్జిగ.

"మజ్జిగ!" అన్నాను.

"నో మజ్జిగ. ఆయ్‌రన్," అంది అక్క.

చెల్లి డబ్బాలో ఒకవైపే కాల్చిన అట్టు, చిల్లులు చిల్లులుగా. "ఇది మా అట్టు," అన్నాను. "మాది. అంజేరో," అంది చెల్లి. "మీ అమ్మమ్మ మా ఊరొచ్చి దొంగిలించి ఉంటుంది," అంది అక్క. ఎవరి అమ్మమ్మని అందో ఇద్దరికీ తెలియలేదు గానీ ముగ్గురం నవ్వుకున్నాం.

స్కూలు లేని రోజుల్లో పండుని వెంట తీసుకెళ్ళేదాన్ని. అప్పుడు దానికి ఏడేళ్ళు. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఊరుకునేది. పండు తువ్వాళ్ళ మూట మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. లెక్కలైపోతే దిండు గలీబులు మడతపెట్టేది. ఆ అలవాటు దానికి చివరిదాకా పోలేదు. హోటల్‌కి వెళితే తిన్నాక చెయ్యి తుడుచుకున్న కాగితం కూడా నాలుగు కొసలూ కలిపి మడిచి ప్లేటు పక్కన పెట్టేది. "పారేసేదానికి అంత మర్యాదెందుకే?" అంటే, "పారేసేదైనా నీట్‌గా ఉండాలి కదమ్మా," అనేది.

నాలుగేళ్ళకి అక్క లాండ్రీ మానేసి బేకరీ పెట్టింది. ఆ తర్వాత నేను వంటగదికి మారాను. చెల్లి మాత్రం ఆ బల్ల దగ్గరే ఉండిపోయింది. ఇవాళ్టికీ అక్కడే ఉంది. మా ముగ్గురిలో అందరికంటే జోరుగా మడతపెట్టేది తనే. పండు హైస్కూల్లో ఉండగా ఒకరోజు అక్క బేకరీలో రొట్టె కొనుక్కుని వస్తుంటే కార్‌లో అడిగింది.

"అమ్మా, టర్కీ ఆంటీకి షాప్ వచ్చింది. నువ్వు కుక్ అయ్యావు. సోమాలీ ఆంటీ ఎందుకు ఇంకా అక్కడే ఉన్నాడు?"

"ఉన్నాడు కాదే, ఉంది."

"ఓకే, ఉంది. ఎందుకు ఉంది?"

"ఎవరి అదృష్టం వాళ్ళది."

"అది ఆన్సర్ కాదమ్మా."

నేను కార్‌లో రేడియో పెట్టేశాను. అది మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. సిటీలో యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో మాస్టర్స్‌కి చేరినప్పుడు ప్రాజెక్టుగా అదే తీసుకుంది. ఇక్కడి టర్కీ వాళ్ళ బతుకూ సోమాలీ వాళ్ళ బతుకూ పక్కపక్కన పెట్టి చూడటం. ఎవరికి ఇల్లుంది, ఎవరికి లేదు, ఎందుకని. దానికి పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టింది. నాకు మాత్రం అది మా బల్ల కథ.

ఆదివారాలు నాకు సెలవు. రైలెక్కి సిటీకి వెళితే స్టేషన్‌లో పండు ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నల ఫారాల సంచీతో నిలబడి ఉండేది. నన్నెందుకు రమ్మనేదంటే, "నువ్వు ఉంటే ఆంటీలు డోర్ తీస్తారు. నేనొక్కదాన్నే వెళితే బిల్లు కట్టమని వచ్చిన దానిలాగ చూస్తున్నారు," అనేది. మొదటి రెండు వారాలూ ఏమీ దొరకలేదు. నెలకెంత వస్తుందని అడిగితే టర్కీ వాళ్ళూ దేవుడి దయ అన్నారు, సోమాలీ వాళ్ళూ దేవుడి దయ అన్నారు.

"అమ్మా, దేవుడి దయని కంప్యూటర్‌లో ఎలా ఎంటర్ చేయాలి?" అని తల పట్టుకుంది.

"జీతం ఎంతంటే మీ నాన్నే నాకు సరిగ్గా చెప్పడు, వాళ్ళెవరో నీకెందుకు చెప్తారు? ఏం తిన్నారని అడుగు."

"తిన్నారా అనా?"

"కాదు. తిన్నారా అంటే అందరూ తిన్నాం అంటారు. అది పలకరింపు. పస్తున్నవాళ్ళు కూడా తిన్నామనే అంటారు, పరువు కదా. ఏం తిన్నారు అని అడగాలి. అప్పుడు గిన్నెలో ఉన్నదే నోటికొస్తుంది. లేనిది కల్పించాలంటే కాసేపు ఆలోచించాలి. ఆ ఆలోచించేటప్పుడు మొహం చూడు."

"అమ్మా, నువ్వు నా ప్రొఫెసర్ అయి ఉంటే బాగుండేది," అంది. మర్నాడే ఫారంలో మొదటి ప్రశ్న మార్చేసింది. ఇవాళ మీరు ఏం తిన్నారు? వాళ్ళ మేడం అది చూసి కొట్టేసిందట, దీన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటావని. ఇది మళ్ళీ రాసింది. ఆవిడ మళ్ళీ కొట్టేసింది. ఇది మూడోసారీ రాసింది. ఆ మొండితనం నాదే.

ఆ ఒక్క ప్రశ్నతో తలుపులు తెరుచుకున్నాయి. టర్కీ వాళ్ళ ఇళ్ళలో పొద్దుటి తిండి గురించి చెప్పడానికే పావుగంట పట్టేది. ఆలివ్‌లు, రెండు రకాల చీజ్, గుడ్డు, టమాటాలు, తేనె, గాజు గ్లాసులో టీ. మధ్యలో లేచి వెళ్ళి మాకూ తెచ్చిపెట్టేవాళ్ళు. ఒకాయన అక్కడ స్కూల్లో టీచరట, ఇక్కడ లారీ తోలుతున్నాడు. లారీలోనే తిన్నానని, చల్లారిన బర్గర్ తిన్నానని చెప్పి తల పక్కకి తిప్పుకున్నాడు. సోమాలీ ఇళ్ళలోనూ కొన్నింట అన్నం, మేకమాంసం, పక్కన అరటిపండు. అన్నంలో అరటిపండు నంజుకుంటారు వాళ్ళు. ఒకావిడ పిల్లల్ని చూసుకునే డేకేర్ నడుపుతోంది, ఇద్దరికి పనిచ్చింది. అందరూ ఒకేలా లేరు. అందరినీ ఒకే గాటన కట్టకూడదని పండు ప్రతిసారీ నాతో అనేది. కానీ చాలా ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి జవాబు, "పిల్లలు పాస్తా తిన్నారు. నేను టీ తాగాను," అని.

మా చెల్లి చెప్పింది కూడా అదే. అన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పి కూర్చున్నాం. సగం రోజులు తన అట్టు మాకు తుంచి పెట్టి, "నేను ఇంట్లో తినే వచ్చాను," అనేది. నేను నమ్మాను.

ఆ రోజు చెల్లి ఇంట్లో ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు. యాలకులు, చెక్క వేసిన టీ పోసింది. వాళ్ళలో వాళ్ళు నెలనెలా తలా కొంత వేసుకుంటారట, నెలకొకళ్ళు మొత్తం తీసుకుంటారట. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చీటీ! మాకూ ఉంది. పాట ఎంతకి పోతుందో అడగవే!" అన్నాను పండుతో.

చీటీ పాట అంటే మా పండుకేం తెలుసు? పాట అంటే పాటే అనుకుంది. "మీరు సాంగ్ ఎంతకి ఇస్తారని అమ్మ అడుగుతోంది," అంది. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాళ్ళల్లో పెద్దావిడ, అతిథి అడిగింది కదా అనుకుందేమో, గొంతు సవరించుకుని పాడటం మొదలుపెట్టింది. డబ్బులొద్దని చేత్తో సైగ కూడా చేసింది. అయిపోయేదాకా మేం కదలకుండా విన్నాం. తర్వాత పండుకి విషయం చెబితే నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. అప్పుడు సరిగ్గా చెప్పించాను. డబ్బు అవసరమున్నవాళ్ళు తగ్గించి పాడుకుంటారు, ఆ తగ్గించింది మిగతావాళ్ళు పంచుకుంటారు, అని.

చెల్లి విని గ్లాసు కింద పెట్టింది. "అవసరం ఉన్నవాళ్ళ దగ్గర తగ్గిస్తారా? మేం అవసరం ఉన్నవాళ్ళకి ముందు ఇస్తాం," అంది. తప్పుపట్టినట్టు కాదు. అర్థంకాక అడిగినట్టు అంది. ఇరవై ఏళ్ళు చీటీలు వేసినదాన్ని, పండు ఒలకబోసిన టీ తుడవడం మొదలుపెట్టాను.

టర్కీ అక్క వాళ్ళకీ ఇలాంటిదే ఉంది. నెలకొక ఇంట్లో చేరి, వంటలన్నీ చేసుకుని, ఆ ఇంటావిడకి తలా ఒక చిన్న బంగారు నాణెం ఇస్తారు. పండు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తనలో తను అనుకున్నట్టు అంది. "అమ్మా, ఇద్దరిదీ ఒకటే చీటీ. టర్కీ ఆంటీది బీరువాలో గోల్డ్ అవుతుంది. సోమాలీ ఆంటీది ఎవరిదో ఆపరేషన్ అవుతుంది, ఎవరిదో ఫ్లైట్ టికెట్ అవుతుంది."

కొన్నాళ్ళకి చిన్నప్పటి ప్రశ్నకి జవాబు తనే చెప్పింది. అక్క వాళ్ళాయన చదువుకోవడానికి వచ్చాడు, వాళ్ళ అన్న అప్పటికే ఇక్కడ కొట్టు పెట్టుకుని ఉన్నాడు, టర్కీలో ఒక ఫ్లాటు అమ్ముకోగలిగారు. మేం మా ఆడపడుచు పెట్టిన వీసా పేపర్ల మీద వచ్చాం. దిగేసరికి ఉండటానికి గది, తెలుగు మాట్లాడే నలుగురు ఉన్నారు. చెల్లి శరణార్థుల క్యాంపులో పదకొండేళ్ళు ఉండి వచ్చింది. స్కూలు సర్టిఫికెట్ ఇంటితోపాటే కాలిపోయింది. వడ్డీకి అప్పు తేవడం తన నమ్మకానికి పడదు. "టర్కీ ఆంటీ జీతం ఒక ఇంటికి, అమ్మా. సోమాలీ ఆంటీ జీతం మూడు ఇళ్ళకి. అందులో ఒక్క ఇల్లే అమెరికాలో ఉంది. మిగతా రెండూ ఇంకా క్యాంప్‌లో ఉన్నాయి. కష్టం అందరిదీ సేమ్. మరి అదృష్టం అని ఎలా అంటావు?"

ఆ తర్వాత నేను ఆ మాట వాడటం మానేశాను.

ఇక మిగిలింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి, అది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

పోయిన ఏడాది వేసవి నుంచి ఆదివారాలు కుదరలేదు. కొట్టులో ఒకమ్మాయి మానేస్తే వారమంతా పని నా మీదే పడింది. పండు సిటీలో యూనివర్సిటీ పక్కన ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గదిలో ఉండేది. మధ్యాహ్నం ఒకటిన్నరకి నాకు బ్రేక్. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడేదాన్ని.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"సరే, ఉంటాను."

ఐదు నెలలు. ఊరందరినీ ఏం తిన్నారని అడగమని దానికి చెప్పినదాన్ని, నా కూతుర్ని మాత్రం తిన్నావా అని అడిగాను. అది పలకరింపని నాకు తెలుసు. పరువు కోసం తిన్నాననే అంటారని తెలుసు. నాకు బెంగ పెట్టకూడదనుకునే పిల్ల ఇంకేమంటుంది? దీపావళికి వచ్చినప్పుడు చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. అడిగితే చదువు అంది, తర్వాత డైట్ అంది. గారెలు రెండు పెట్టించుకుని, ఒకటి కొరికి, "నాన్నా, నువ్వు ఫినిష్ చెయ్," అని ప్లేటు ఆయన వైపు జరిపింది. ఆయన సంబరంగా తినేశారు. ఇప్పుడు ఆయన గారెలు ముట్టుకోరు.

నవంబర్ చివర్లో రైల్వే స్టేషన్‌లో పడిపోయింది. ఎవరో ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు నాకు చెప్పాల్సింది తనే తెలుగులో నాకు చెప్పింది, వచ్చీరాని తెలుగులో. "అమ్మా, ఇది కొంచెం పెద్దది అట. లేట్‌గా తెలిసింది అట." ఎవరో పక్కింటి వాళ్ళ సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

ఆ పదకొండు వారాలూ అక్క రోజూ బేకరీ మూసి సూప్ తెచ్చేది, మన పప్పుచారులా ఉంటుంది. పండు రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని, "సూపర్ ఆంటీ," అనేది. చెల్లి షిఫ్టులు మార్చుకుని రెండు బస్సులు మారి వచ్చేది. ఒకరోజు నేను మందుల కోసం వెళ్ళి వచ్చేసరికి పండు తనకి తెలుగు నేర్పుతోంది.

"ఏం తిన్నావు? చెప్పండి ఆంటీ. ఏం."

"యేం... తిన్నవు?"

"గుడ్. మా అమ్మని డైలీ అడగాలి. తిన్నావా అని కాదు. ఏం అని అడగాలి. లేకపోతే ఛీట్ చేస్తుంది."

నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. తను వెళ్ళిపోయాక నన్నెవరు అడుగుతారని ఏర్పాటు చేస్తోంది.

చివరి మంగళవారం ఆయన కార్ పార్క్ చేసి వచ్చేలోగానే అయిపోయింది. నేనూ చెల్లీ ఉన్నాం. తర్వాత ఆసుపత్రి వాళ్ళు పండుని తీసుకెళ్ళారు. మంచం మీద తను కప్పుకున్న దుప్పటి మిగిలింది, ఇంటి నుంచి నేను తెచ్చిన నీలం దుప్పటి. ఏం చేయాలో తెలియక దాన్నే చూస్తూ కూర్చున్నాను. చెల్లి వచ్చి రెండు కొసలు పట్టుకుని నిలబడింది. నేను లేచి మిగతా రెండు కొసలు పట్టుకున్నాను. ఒకళ్ళ వైపు ఒకళ్ళం నడిచాం. కొసలు అందిస్తూ తను నా చేతులు వదల్లేదు.

గది ఖాళీ చేయడానికి వెళితే ఫారాలు కనిపించాయి. టర్కీ వాళ్ళవి ఒక కట్ట, సోమాలీ వాళ్ళవి ఒక కట్ట, అంచులన్నీ సరిగ్గా కలిపి. వాటి కింద విడిగా ఒక్క ఫారం. ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకోవడానికేమో, సెప్టెంబర్‌లో తనే నింపింది. మొదటి ప్రశ్న దగ్గర ఉన్నది నేనే చదవగలిగాను, ఇంగ్లీషైనా మన కొట్టులో, అక్క బేకరీలో చూసే మాటలే కాబట్టి. సగం అరటిపండు. ఆయ్‌రన్. దాని కింద ఇంకో లైనుంది. అది మావారు చదివి చెప్పారు. తినాలని ఉంది, లోపలికి పోవట్లేదు, అని.

అడిగి ఉంటే చెప్పేది. కాగితం అడిగితే కాగితానికే చెప్పింది.

వాళ్ళ మేడం ఫోన్ చేసింది. క్లాసులో అమ్మాయి ఒకతి మిగతా భాగం పూర్తి చేస్తుందట, పండు పేరుతో యూనివర్సిటీలో పెడతారట. ఆ మొదటి ప్రశ్న ఉంచుతారా అని అడిగాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. "ఫస్ట్ క్వశ్చన్ నో కట్, మేడం. ప్లీజ్. దట్ వన్ ఓన్లీ ట్రూ." ఆవిడ ఉంచుతానంది. గొంతు బట్టి ఆవిడ కూడా ఏడుస్తోందని తెలిసింది.

ఇప్పుడు ఒకటిన్నరకి నా ఫోన్ మోగుతుంది. అటు హోటల్ లాండ్రీలో, ఆ బల్ల పక్కన నిలబడి చెల్లి. వెనక యంత్రాల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. తనకొచ్చిన తెలుగు ఆ రెండు మాటలే.

"యేం తిన్నవు?"

మొదట్లో తిన్నాను అనేదాన్ని. "నో. యేం?" అనేది. చెప్పేదాకా ఫోన్ పెట్టదు. అక్కడ తన బ్రేక్ అయిపోతూ ఉంటుంది. అందుకని లేచి కాస్త పెరుగన్నం కలుపుకుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే తింటాను. తర్వాత నేనూ అడుగుతాను. తను ఒక్క క్షణం ఆగితే నాకు తెలిసిపోతుంది. మళ్ళీ అడుగుతాను.

మీ పిల్లలు ఎక్కడున్నా సరే, ఇవాళ ఏం తిన్నారో అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఫోన్ పెట్టకండి. మీరు కూడా ఇది చదివాక లేచి, ఏదో ఒకటి వేడిగా పెట్టుకుని, కూర్చుని, బాగా తినండి.